ఉద్దెర ముచ్చట లేకుండ మిల్లు ఊరి దుకాణాల ముచ్చట ఎట్లయితది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్ల ఇంగ్లండ్ బట్టల మిల్లుల ఊర్లల్ల పాత దుకాణాలు ఎట్లుండె, జనం ఎట్ల బతికిన్రు అని పేజీ నిండ వేసిన్రు. బాగుంది. చేప, ఆలుగడ్డ వేపుడు దుకాణాలు, పొద్దుగాల గడప ముందట పాలసీసాలు పెట్టిపోయే బండి, అద్దాల జాడీలల్ల చాక్లెట్లు, ఫోటోలు కూడ మంచిగున్నయి. కాని మొత్తం చదివి పేపరు పక్కకు పెట్టినంక నాకు ఒక్కటే అనిపించింది సార్, ఇండ్ల పైసల ముచ్చటే లేదు. కొనేటోళ్ళకు జీతం ఏ రోజు వచ్చేది, అది ఎన్ని రోజులు ఆగేది, అయిపోయినంక పొయ్యి ఎట్ల వెలిగేది, ఇవేవీ చెప్పకుండ రాస్తే అది బోర్డుల ముచ్చట అయితది గని దుకాణాల ముచ్చట కాదు. మిల్లు ఊర్ల దుకాణం నడిచేదే ఉద్దెర మీద. వరంగల్ అయినా అంతే, ఇంగ్లండ్ల రాచ్‌డేల్ అయినా అంతే.

రాచ్‌డేల్ పేరు ఊరికే తీయలేదు. మా పెద్దబిడ్డ, అల్లుడు అక్కడ ఉంటరు, అల్లునికి కొలువు మాంచెస్టర్ల, కిరాయి తక్కువ అని ఇల్లు మాత్రం రాచ్‌డేల్ల తీసుకున్నరు. మేమిద్దరం మనుమరాలు పుట్టినప్పుడు పోయి కొన్ని నెలలు ఉండి వచ్చినం. నేను సహకార శాఖల ఆడిట్ పని చేసి రిటైర్ అయినోన్ని, మా శాఖల ఎవరు చేరినా ట్రైనింగ్‌ల మొదటి పాఠం రాచ్‌డేల్ గురించే, జనమే కలిసి పెట్టుకున్న సహకార దుకాణానికి పేరుపడ్డ ఊరు అది, 1844, ఇరవై ఎనిమిది మంది, టోడ్ లేన్ అనే గల్లీ, ఇవి మాకు ఎక్కాల లెక్క నోటికొచ్చు. ఇగ మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల సాంచాల మీద, అంటే మగ్గాల మీద పనిచేసిండు. అందుకే రెండు దిక్కుల ముచ్చట జర తెలుసు, పొడుగైతే మన్నించున్రి.

బిడ్డ ఇంటికి గోడ ఆనుకొని ఉన్న ఇంట్ల ఒక పెద్దామె ఉంటది, ఎనభై దాటింది, ఒక్కతే. అక్కడ మిల్లు వాళ్ళ కోసం కట్టిన ఇండ్లన్నీ అట్లనే, ఎర్ర ఇటుకల ఇండ్లు, ఒకదానికొకటి గోడ కలిసి, వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే వరుస. ఆమె పదిహేనేండ్లకు బడి మానేసి మిల్లుల నూలు వడికే దగ్గర చేరిందట. ఆమె మాట్లాడే ఇంగ్లీషు నాకు సగం సమజ్ కాకపోయేది, మా బిడ్డ పక్కన కూసొని చెప్పేది. దుకాణాల గురించి అడిగితే మాత్రం ఆమెకు ఎక్కడలేని హుషారు వచ్చేది, ఒక మూలకు కసాయి దుకాణం, దాని పక్కన రొట్టెల దుకాణం, ఇంకో మూలకు చెక్క అడుగుల చెప్పులు చేసేటాయన, ఆ చెప్పులకు కింద ఇనుప పట్టీలు కొడుతరట, పొద్దుగాల షిఫ్టుకు అందరు ఒక్కసారి పోతుంటే రాళ్ళ రోడ్డు మీద ఆ చప్పుడు ఊరంత వినొచ్చేదట. అంతకన్నా ముందు తెల్లారకముందే ఒకడు పొడుగు కట్టె పట్టుకొని వచ్చి మేడ మీది కిటికీని టకటక కొట్టి లేపేటోడట, దానికి వారానికి ఇంత అని ఇచ్చేటోళ్ళట. మనకు సైరన్ ఉండె, ఆ ఖర్చు తప్పింది.

జీతం అక్కడ అప్పట్ల నెలకు కాదు, వారానికి. ఎక్కువగా శుక్రవారం. కవరు చింపకుండ తెచ్చి తల్లి చేతుల పెట్టాలె, అది మొగపిల్లగాడైనా ఆడపిల్ల అయినా. తల్లి అండ్లకెళ్ళి తీసి ఇచ్చిందే వాళ్ళ ఖర్చుకు. ఈమె పెండ్లి అయ్యేదాక అట్లనే చేసిందట. ఆ శుక్రవారం రాత్రి వంట లేదు, ఇంట్లకెళ్ళి గిన్నె పట్టుకొని వేపుడు దుకాణం ముందట లైన్ల నిలబడాలె, గిన్నె ఎందుకంటే ఉడికిన పచ్చి బఠానీలు ముద్దలెక్క ఉంటయి, అవి అండ్ల పోస్తరు, చేప, ఆలుగడ్డ మాత్రం పాత న్యూస్‌పేపర్ల చుట్టి ఇచ్చేటోళ్ళు. ఉప్పు, సిర్కా చల్లి. మన దగ్గర మిర్చి బజ్జీలు పేపర్ల కట్టినట్టే. రెండో ప్రపంచ యుద్ధంల ఆ దేశంల మాంసం, వెన్న, శెక్కరి, చాపత్త అన్నిటికి రేషన్ పెట్టిన్రు గని చేప, ఆలుగడ్డకు పెట్టలేదు, ఎందుకంటే అది కూడ లేకపోతే మిల్లుల జనం ఊకోరని సర్కారుకు తెలుసు. రేషన్ యుద్ధం అయిపోయినా పోలేదు, 1954 దాకా నడిచింది. చాక్లెట్ల మీద రేషన్ 1953 ఫిబ్రవరిల ఎత్తేసినరట, ఈమెకు అప్పుడు పదేండ్లు ఉంటయేమో, బడి నుంచి ఇంటికి పోకుండ పిల్లలందరు సీదా దుకాణానికి ఉరికిన్రట.

ఇగ మీ పేజీల లేని ముచ్చట. ఆ పెద్దామె వాళ్ళమ్మ కాలంల సోమవారం పొద్దున ఆడోళ్ళు మూట పట్టుకొని కుదువ దుకాణానికి పోయేటోళ్ళట. మూటల ఏముంటది అంటే మొగని సూటు, ఆదివారం చర్చికి ఏసుకున్నది. సోమవారం కుదువ పెట్టాలె, ఆ పైసలతోని వారం గడవాలె, శుక్రవారం జీతం రాంగనే విడిపించుకోవాలె, ఆదివారం తొడగాలె, మళ్ళ సోమవారం కుదువకు. మిత్తి ఎంతైతదో లెక్క కట్టుకోండి, ఒకటే సూటుకు ఏడాది పొడుగూత. మొగనికి తెల్వకుండ చేసేటోళ్ళు కూడ ఉన్నరట. మా వాడకట్టుల ముక్కుపుల్లలు, పట్టగొలుసులు, కంచు చెంబులు మార్వాడి దగ్గరికి పోయి వచ్చేటివి గని సూటు ముచ్చట నేను అప్పుడే విన్న.

మూల మీది కిరాణం దుకాణంల బుక్కు ఉండేదట. మన లెక్కనే. దుకాణం ఎక్కువగా ఒక ఆడామెనే నడిపేది, ఇంటి ముందరి అర్రనే దుకాణం. వెన్న పెద్ద ముద్దకెళ్ళి చెక్కలతోని కోసి, తట్టి, కాగితంల చుట్టి ఇచ్చేది. చీజు తీగెతోని కోసేది. బిస్కిట్లు రేకు డబ్బాలల్ల వస్తయి, ఇరిగినయి వేరే డబ్బాల పోసి తక్కువకు అమ్మేది, పిల్లలకు అవ్వే ఇష్టం. దుకాణంల ఇంకొకరి గురించి మాట్లాడాలంటే నోట్లకెళ్ళి చప్పుడు రాకుండ పెదవులతోనే మాట్లాడుకునేటోళ్ళట, మిల్లుల సాంచాల చప్పుడుకు ఏం వినరాదు కదా, అక్కడ నేర్చిన విద్య. వారం మధ్యల ఒక రోజు మధ్యాహ్నం ఊరంత దుకాణాలు బంద్, దానికి 1911ల చట్టమే చేసిన్రు, దుకాణంల పనిచేసేటోళ్ళకు సగం రోజు సెలవు ఇయ్యాలని. మన దుకాణాలల్ల పనిచేసే పోరగాళ్ళకు ఇప్పటికి కూడ అది సరిగ్గ లేదు.

ఇంకొకటి చెప్పి మన ఊరికి వస్త. అక్కడ పాత బట్టలు కొనేటోడు గుర్రబ్బండి తోలుకుంట గల్లీల తిరిగేటోడట. చింపిరి బట్టలు ఇస్తే పైసలు ఇయ్యడు, ఒక రాయి ఇస్తడు, తెల్లదో, పసుపు రంగుదో. ఆడోళ్ళు పొద్దున్నే గడప మెట్టు కడిగి ఆ రాయితోని అంచుకు రుద్దాలె, రుద్దకపోతే వీధిల పరువు పోతది. మా ఇంటామె ఈ ముచ్చట విని నవ్వి, ఇంగ్లండ్ల కూడ ముగ్గేసే తిప్పలు ఉన్నయి అన్నది. మన దగ్గర పాత చీరెలకు స్టీలు గిన్నె ఇచ్చేటోళ్ళు, ఎంత బేరం చేసినా ఇంకో చీర కావాలనేటోళ్ళు.

ఇప్పుడు మా షావుకారి ముచ్చట. పేరు రాయను, పిల్లలు ఇప్పుడు వేరే వ్యాపారంల ఉన్నరు. మిల్లు 1934ల ఏడో నిజాం కట్టించి పెద్దకొడుకు ఆజం జా పేరు పెట్టిండు, దాని చుట్టు శివనగర్, లేబర్ కాలనీ, కరీమాబాద్, రంగశాయిపేట దిక్కు జనం పెరిగిన్రు, జనం ఎనుక దుకాణాలు వచ్చినయి. మా షావుకారిది అట్లాంటి ఒక దుకాణమే, ముందట గోనెసంచుల్ల జొన్నలు, బియ్యం, ఎల్లిపాయలు, లోపల నూనె డబ్బాలు, గాసునూనె డబ్బా ఒక్కటి దూరంగ బయట. ఆయన ఉద్దెర బుక్కు పొడుగ్గ, సన్నంగ, ఎర్రగుడ్డ అట్టతోని ఉండేది, నడుముకు దారంతోని కుట్టి, నిలువున తెరిచేది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజి. పేజి మీద బాపు పేరు రాయకపోయేది, బాపు మిల్లు టోకెన్ నంబరు రాసేది. ఎందుకంటే ఒకటే పేరున్నోళ్ళు మస్తు మంది ఉండిరి, నంబరైతే తప్పు పోదు, పైగా ఆ నంబరు ఉన్నన్ని రోజులు కొలువు ఉన్నట్టు, కొలువు ఉంటే ఉద్దెర ఉన్నట్టు. నేను పోయి నంబరు చెప్తే చాలు, షావుకారి పేజి తీసేటోడు.

ఆ బుక్కుకు తోడు మా ఇంట్ల ఒక చిన్న బుక్కు, షావుకారి రెండిట్ల రాయాలె. మా అమ్మకు చదువు రాదు, నెలాఖరుకు నన్ను కూసోబెట్టి చదివిపిచ్చేది. పల్లినూనె, ఉప్పు, చాపత్త పొట్లం, సబ్బు, కారంపొడి, సబ్బు, గాసునూనె, సబ్బు. ఒక నెల అమ్మ అడిగింది, ఇన్ని సబ్బులు యాడికి పోతున్నయిరా, మనం ఏమన్న చాకలి పని చేస్తున్నమా అని. నేను నోరు మూసుకున్న, ఎందుకంటే నాకు తెలుసు, అవి సబ్బులు కావు, బాపు బీడీకట్టలు. షావుకారి మా బాపు మీద దయతోని సబ్బు అని రాసేటోడు. అమ్మకు కూడ తెలుసనుకుంట, లేకపోతే అట్ల నా మొఖం దిక్కు చూసి అడగదు. గిట్లాంటి ముచ్చట్లు ఏ ఫోటోల దొరుకుతయి చెప్పున్రి.

దయ అన్న గని షావుకారి ఏం ధర్మాత్ముడు కాదు. ఉద్దెరకు మిత్తి లేదనేటోడు, ధరల కలిపేటోడు. పైసలు చేతుల పట్టుకొని పోయినోనికి ఒక రేటు, బుక్కు మీద రాయించుకునేటోనికి ఒక రేటు, అది అందరికి ఎరుకే. ఇంకోటి, ఉద్దెర తీసుకునేటోడు తరాజు దిక్కు కండ్లు పెట్టి చూడొద్దు, చూస్తే వచ్చేసారి, ఇయ్యాల స్టాకు లేదు పో అంటడు. నాకు కొసరు కింద పుట్నాలో, బెల్లంముక్కో చేతుల పెట్టేటోడు, ఆ బెల్లంముక్క పైసలు కూడ ఏదో ఒక లైన్ల ఉండే ఉంటయని నాకు ఆడిట్ల చేరినంక సమజ్ అయింది. జీతాల రోజు మిల్లు గేటు బయట జాతర, గాజులోళ్ళు, గుడాలమ్మేటోళ్ళు, జిలేబీలు, కూరగాయల గంపలు, వాళ్ళ ఎనుక చెట్టు కింద మిత్తికి ఇచ్చినోళ్ళు చేతులు కట్టుకొని నిలబడేటోళ్ళు. గేటు దాటి ఇంటికి వచ్చేవరకు జీతం సగం అయ్యేది. ఆ రోజు రాత్రి షావుకారికి కట్టాలె, కట్టినంక ఆయన ఎర్రసిరాతోని గీత కొట్టేటోడు, తెల్లారి నుంచి మళ్ళ ఉద్దెర.

ఇప్పుడు రాచ్‌డేల్ వాళ్ళ సంగతి. 1844ల అక్కడ నేతగాళ్ళ బతుకు ఇంతకన్నా అధ్వానం. దుకాణాలల్ల పిండిల పటిక, సుద్ద కలిపేటోళ్ళు, వాడిన చాపత్తను ఎండబెట్టి రంగేసి మళ్ళ అమ్మేటోళ్ళు, కొన్ని మిల్లుల ఓనర్లకే దుకాణాలు ఉండె, జీతంల సగం అక్కడనే కట్ అయ్యేది, అది వద్దని 1831ల చట్టం చేసినా దొంగచాటుగ నడిచింది. అప్పుడు కొందరు, నేతపనోళ్ళు, వేరే చేతిపనోళ్ళు కలిసి, వారానికి రెండు పెన్నీలు, మూడు పెన్నీలు పోగేసి ఇరవై ఎనిమిది పౌండ్లు జమ చేసి టోడ్ లేన్ల ఒక గోదాం కింది అర్ర కిరాయికి తీసుకొని డిసెంబర్ 21 శనివారం రాత్రి దుకాణం తెరిచిన్రు. సరుకు ఎంత? కొంచెం వెన్న, కొంచెం శెక్కరి, పిండి, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు. అంతే. ఒక తోపుడు బండిల పట్టేంత సరుకు. బయట మిల్లుల బాబిన్లు మార్చే పోరగాళ్ళు గుమిగూడి ఎక్కిరించిన్రట. ఇవన్నీ నేను చదువుకున్నయే, కాని ఆ అర్ర ఇప్పుడు మ్యూజియం, అండ్లకు పోయి నిలబడ్డ. 1931 నుంచి మ్యూజియంగ ఉంది. పలకల బల్ల, తరాజు, పీపాలు, ఇంతే. మా శాఖ ఆఫీసుల గోడ మీద వాళ్ళ ఫోటో చూసుకుంట ఎన్నేండ్లు పనిచేసిన్నో, ఆ గది ఇంత చిన్నగ ఉంటదని అనుకోలేదు.

వాళ్ళ రూల్స్ ఏంటంటే, కల్తీ లేని సరుకు, పూర్తి తూకం, ఒక మనిషికి ఒక ఓటు, లాభం వస్తే ఎవరు ఎంత కొన్నరో దాన్నిబట్టి వాళ్ళకే వాపస్. ఆడోళ్ళు కూడ మెంబర్లు కావొచ్చు, ఆ కాలంల పెండ్లయిన ఆడదానికి ఆస్తి మీద హక్కే లేదు, గుర్తుపెట్టుకోండి. ఇంకొక రూలు, మా ట్రైనింగ్‌ల లెక్చరర్ బల్ల గుద్ది చెప్పేది, ఉద్దెర లేదు. నగదు అయితేనే సరుకు.

పక్కింటి పెద్దామెను ఈ సహకార స్టోరు, వాళ్ళు కోఆప్ అంటరు, దాని గురించి అడిగితే ఆమె ఏం చెప్పలేదు, ముందు ఒక నంబరు చెప్పింది. టకటక, ఆగకుండ. వాళ్ళమ్మ మెంబర్ నంబరట. చిన్నప్పుడు సరుకుకు పంపితే కౌంటర్ల ఆ నంబరు చెప్పాలె, దాని మీద కొన్నది జమ అయితది, దాన్నిబట్టి లాభంల వాటా ఇస్తరు, ఆ పైసలతోని పిల్లలకు బూట్లు, కోట్లు. తన మొగని ఫోన్ నంబర్ యాదికి లేదు గని తల్లి నంబరు యాదికున్నది. నాకు మా బాపు టోకెన్ నంబరు ఉన్నట్టే. తేడా ఏందంటే ఆమె నంబరు మీద పైసలు వాపస్ వచ్చేటివి, నా నంబరు మీద అప్పు పెరిగేది.

కాని నేను అక్కడనే ఇంకో ప్రశ్న వేసిన, మరి పైసలు లేనినాడు ఏం చేసేటోళ్ళు అని. ఆమె నవ్వి, మూల మీది దుకాణానికి పోయేటోళ్ళం అన్నది. కోఆప్‌ల కొంటే వాటా వస్తది, మంచి సరుకు, కాని చేతుల పైసలు ఉండాలె. చెయ్యి ఖాళీగ ఉన్న బుధవారం, గురువారం మూల దుకాణమే గతి. అంటే ఇంత గొప్ప స్టోరు పుట్టిన ఊర్ల కూడ బీదోళ్ళ వారం చివరి రెండు రోజులు ఉద్దెర దుకాణం మీదనే నడిచినయి. ఈ సంగతి మాకు పాఠంల ఎవరు చెప్పలేదు.

మా వాడకట్టుల కూడ ఒక సహకార స్టోరు ఉండె, నేను చిన్నగున్నప్పుడు. శెక్కరి మంచిది, తూకం సరిగ్గ, ఆ సంగతి అందరికి తెలుసు. నెల మొదటి వారం లైను ఉండేది, తర్వాత ఈగలు. మా అమ్మ ఆ స్టోరు గురించి ఒకటే మాట అనేది, నా దగ్గర పైసలు ఉన్ననాడు అందరు మంచోళ్ళే అని. తర్వాత కొన్నేండ్లకు అది మూతపడ్డది. నగదు రూలు పెట్టుకున్నందుకు మూతపడ్డది అని చెప్తలేను, నేను ఆడిట్ చేసిన సంఘాలల్ల మునిగినయన్నీ దాదాపు ఉద్దెరతోనే మునిగినయి, కాకపోతే అది బీదోళ్ళ ఉద్దెర కాదు, కమిటీల కూసున్న పెద్దమనుషుల ఉద్దెర, వాళ్ళ బావమర్దుల ఉద్దెర. బీదోడు బుక్కు చూసి భయపడుతడు, పెద్దమనిషి బుక్కునే ఇంటికి తీస్కపోతడు.

ఉద్దెర ఇచ్చి కూడ బతికిన సంఘం మన పక్కనే ఉంది, అందరు వేరే రాష్ట్రాల నుంచి వచ్చి చూసి పోతరు, మనమే చూడం. 1956ల భీమదేవరపల్లి మండలంల మొదలైన ముల్కనూర్ సహకార గ్రామీణ బ్యాంకు. వాళ్ళు రైతుకు అప్పు ఇస్తరు, ఆ రైతు పంట వాళ్ళ ద్వారనే అమ్ముతరు, అప్పు అండ్లకెళ్ళి తీసుకుంటరు. అప్పు ఇచ్చే చెయ్యి, పంట కొనే చెయ్యి ఒకటే అయితే వసూలు కోసం ఎవని ఇంటి ముందట నిలబడే అక్కర ఉండదు. 2000ల అక్కడనే ఆడోళ్ళు పాల డెయిరీ పెట్టుకున్నరు, అది కూడ మంచిగనే నడుస్తున్నది. 2025ను ఐక్యరాజ్యసమితి సహకార సంవత్సరం అన్నది, మీటింగులు, శాలువలు మస్తు అయినయి. ముల్కనూర్ లెక్క ఇంకోటి పెట్టుదం అన్న మాట ఎక్కడ వినలేదు.

తిండి ముచ్చట రెండు ముక్కల్ల చెప్త. రాచ్‌డేల్ల పెద్దామె చిన్నతనంల బోటి అమ్మే దుకాణాలు ప్రత్యేకంగ ఉండేటియట, శుభ్రం చేసి తెల్లగ ఉడకబెట్టి సిర్కాతోని తింటరట, నెత్తురుతోని చేసే నల్లటి సాసేజ్ పక్క ఊరు బెరిల ఇప్పటికి ఫేమస్. మన దగ్గర నెత్తురుతోని వండే నల్ల, బోటి తినేటోళ్ళకు ఇది వింత కాదు, కాని మన పిల్లలు అక్కడికి పోయి ఇంగ్లీషోళ్ళు అంటే కేకులు తింటరనుకుంటరు. మిల్లోళ్ళు ఎక్కడైనా కసాయోడు తక్కువకు ఇచ్చిందే తిన్నరు.

ఇప్పుడు ఆ మూల మీది దుకాణాలు చాలా వరకు లేవు. వీధిల నడుస్తుంటే చివరి ఇంటి గోడకు ఒక చోట ఇటుకల రంగు తేడ ఉంటది, పెద్ద కిటికీ ఉన్నచోట కొత్త ఇటుక పెట్టి మూసిన గుర్తు, అది ఒకప్పుడు దుకాణం. ఉన్నయి కొన్ని మీర్‌పూర్ నుంచి వచ్చిన పాకిస్తానోళ్ళు నడుపుతరు. వాళ్ళు అక్కడికి వచ్చిన కథ కూడ మిల్లు కథనే. 1960లల్ల వాళ్ళ దిక్కు మంగ్లా డ్యామ్ కట్టినప్పుడు ఊర్లు మునిగినయి, అదే టైములో ఇంగ్లండ్ల మిల్లులకు రాత్రి షిఫ్టుకు మనుషులు కావాలె, ఆడోళ్ళతోని రాత్రి పని చేయించొద్దని చట్టం, అక్కడి మొగోళ్ళు రాత్రి పనికి రాకపాయె, వీళ్ళు వచ్చిన్రు. మిల్లులు మూతపడ్డంక దుకాణాలు, టాక్సీలు. మేము కొత్తిమీర, పచ్చిమిర్చి, బెండకాయల కోసం అట్లాంటి ఒక దుకాణానికే పోయేది. నేను మన వరంగల్ ఉర్దూల మాట్లాడితే ఆయన నవ్వి, యే కహాఁ కీ జబాన్ హై భాయ్, ఇది యాడి భాష అన్నా, అన్నడు, తర్వాత మస్తు దోస్తీ అయింది. ఆయన కౌంటర్ కింద కూడ ఒక బుక్కు ఉంది. పెన్షన్ వచ్చేదాక కొందరు ముసలోళ్ళకు, తెల్లోళ్ళకైనా మనోళ్ళకైనా, రాసుకొని ఇస్తడు. కార్డు మెషిన్ పక్కనే బుక్కు.

అక్కడ మిల్లులు 1960, 70లల్ల వరుసపెట్టి మూతపడ్డయి. మనది 2002ల. మిల్లు మూసినంక దుకాణాలు ఒక్క రోజుల మూయలేదు, అది మెల్లగ అయింది. మొదలు ఉద్దెర ఆగింది. టోకెన్ నంబరుకు విలువ లేకపాయె కదా, దేన్ని నమ్మి ఇస్తడు. తర్వాత నగదుకు వచ్చేటోళ్ళు తక్కువైన్రు. మా షావుకారి దగ్గర వసూలు కాని పేజీలు మస్తు మిగిలినయి, కొందరి దగ్గర తిరిగి తిరిగి వసూలు చేసిండు, కొందరి పేజీలు ఇగ వదిలేసిండు, దీన్ని గురించి షావుకార్లను తిట్టేటోళ్ళు ఎవరు రాయరు. నాకు ఆయన మీద కోపం ఉంది, గౌరవం కూడ ఉంది, రెండూ. ఇప్పుడు మిల్లు జాగల ప్లాట్లు, రోడ్లు, దాన్ని ‘ఓ సిటీ’ అనే పేరుతోని పిలుస్తున్నరు. ఆ దిక్కు ఇల్లు కొన్న పోరగాళ్ళను మిల్లు గేటు ఏడ ఉండెరా అని అడిగితే గూగుల్ మ్యాప్ తీస్తరు. గీసుగొండ దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు 2017ల శంకుస్థాపన అయింది, అక్కడ పనిచేసేటోళ్ళకు జీతం ఏ రోజు వస్తదో, గేటు బయట ఏం దుకాణాలు పెట్టిన్రో, ఫోన్ల ఈఎంఐ అనే ఉద్దెర ఎంత నడుస్తున్నదో మీ రిపోర్టర్ ఒకసారి పోయి చూస్తే మంచిగుంటది.

నా అడుగుడు ఏందంటే, ఇంగ్లండ్ ఊర్ల మీద ఒక పేజీ వేసినట్టే మన మిల్లు ఊర్ల దుకాణాల మీద కూడ జిల్లా ఎడిషన్ల వారానికి కొంచెం జాగ ఇయ్యున్రి. వరంగల్ ఒక్కటే కాదు, సిరిసిల్ల సాంచాల గల్లీలు, కాగజ్‌నగర్ పేపర్ మిల్లు, కమలాపురం ఫ్యాక్టరీ, గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుబాయిల జనం, అందరి దగ్గర ఉంటయి. జ్ఞాపకాలు పంపుమంటే జనం ఆ రోజులే వేరు అని నాలుగు లైన్లు రాసి పంపుతరు, అది వద్దు. సీదా అడుగున్రి, జీతం ఏ రోజు, ఆ రోజు మొదలు ఏం కొనేటోళ్ళు, చివరి వారం ఏం తినేటోళ్ళు, ఎవరు ఉద్దెర ఇచ్చేది, ఎంతదాక ఇచ్చేది, ఏం కుదువ పెట్టిన్రు, విడిపించుకున్నరా లేదా. ఆడోళ్ళను అడుగున్రి ముఖ్యంగ, దుకాణానికి పోయింది వాళ్ళు, షావుకారి మాటలు పడ్డది వాళ్ళు. షావుకార్ల పిల్లలను కూడ అడుగున్రి, పాత ఎర్ర బుక్కులు అటక మీద పడి ఉంటయి, చెదలు పట్టకముందు తీస్తే మంచిది, పేర్లు కప్పేసి ఫోటోలు వేయొచ్చు. అచ్చయినయన్నీ జిల్లా గ్రంథాలయంల ఒక ఫైల్ల పెడితే సరిపోతది. రాచ్‌డేల్ల ఊరి చరిత్ర కాగితాలు అట్లనే భద్రం చేస్తరు, ఎవరైనా పోయి అడిగి చూడొచ్చు, దాని కోసం పెద్ద బడ్జెట్ అక్కరలేదు, ఒక బీరువా, ఒక మనిషి చాలు.

మా ఇంటి చిన్న బుక్కు ఒకటి నా దగ్గర ఇంకా ఉంది, నూనె మరకలు పడ్డయి గని అక్షరాలు కనపడుతయి. మీరు మొదలుపెడుతమంటే ఆ పేజీల ఫోటోలు నేనే ముందు పంపుత, వాట్సాప్ నంబర్ పేపర్ల వేయున్రి. ఈ ఉత్తరం పొడుగైందని కోయాల్సి వస్తే రాచ్‌డేల్ ముచ్చట కోసుకోండి, మన ఊరిది ఉంచున్రి.

ఇట్లు,
రిటైర్డ్ సహకార శాఖ ఉద్యోగి,
శివనగర్, వరంగల్